అల్లుడి పిస్తోలు

ఆయన కోపం గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. ఈయన కోపానికి ముక్కు దాకా ఎక్కే ఓపిక కూడా లేదు, నాలుక చివరే కాపురం పెట్టింది. పోలీసు ఆయుధాల గదిలో పిస్తోళ్ళు విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్ళీ బిగించే పని ఆయనది. స్టేషన్లో అందరూ ఆయన్ని ఖాళీ బాబాయ్ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, మెట్లెక్కి మలుపు తిరిగాక. ఎదురుగా అన్న ఒకే ఒక్క కానిస్టేబుల్ నెల తిరక్కుండా బదిలీ అయిపోయాడు. ఆ బదిలీకీ ఈ పిలుపుకీ ఏ సంబంధమూ లేదని అక్కడ పనిచేసేవాళ్ళు ఒట్టేసి చెబుతారు, చెబుతూనే నవ్వుతారు.

ఆ పేరు ఊరికే రాలేదు. మెట్ల కింద ఇరుకు గది, దానికో ఇనుప చువ్వల కిటికీ, కిటికీకి ఆనించి ఒక బల్ల. డ్యూటీ దిగినవాళ్ళు ఆ బల్ల ముందు వరసలో నిలబడి పిస్తోళ్ళు ఇచ్చేసి వెళ్ళాలి. ఇచ్చేముందు ప్రతివాడూ ఆయన కళ్ళెదుట దాన్ని ఖాళీ చేయాలి, గొట్టం మొదట్లో తూటా కూర్చునే గూట్లో చిటికెన వేలు పెట్టి చూడాలి, చూసి "ఖాళీ" అని పైకి అనాలి. గొణిగితే ఒప్పుకోడు. "అన్నం తిన్లేదా? పెళ్ళిచూపుల్లో కూర్చున్నావా? పైకను!" అని కసిరేవాడు. అంతా అయ్యాక అదే గూట్లో తన వేలు కూడా పెట్టి చూసుకునేవాడు. దానికి ఒళ్ళు మండేది జనానికి. చెప్పించడం దేనికి, నమ్మనప్పుడు? నమ్మనివాడు చెప్పించడం దేనికి? ఇలా వరసలో వెనకవాళ్ళు సణుక్కునేవాళ్ళు. ఆయన చెవులు మహా పదును. "నమ్మకం కావాలంటే గుడికెళ్ళండి. ఇది ఆయుధాల గది" అనేవాడు.

అసలు సంగతేమిటంటే, పిస్తోలు ఖాళీ చేయడంలో ఒక వరస ఉంది. పిడిలో తూటాల డబ్బా ఉంటుంది, దాన్ని మ్యాగజైన్ అంటారు. పైన వెనక్కీ ముందుకీ జరిగే ఇనుప తొడుగు స్లయిడ్. ముందు మ్యాగజైన్ తీసి పక్కన పెట్టి, తర్వాత స్లయిడ్ లాగితే గూట్లో మిగిలిన తూటా బయటికి ఎగిరిపడుతుంది. పిస్తోలు ఖాళీ. అదే తిరగేసి, ముందు స్లయిడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీశారనుకోండి, అప్పుడూ ఒక తూటా ఎగిరిపడుతుంది. కానీ స్లయిడ్ ముందుకి వెళ్తూ వెళ్తూ మ్యాగజైన్లోంచి ఇంకో తూటాని గూట్లోకి తోసేస్తుంది. ఎగిరినది కంటికి కనబడుతుంది, దూరినది కనబడదు. చేతిలో మ్యాగజైన్ ఉంది, నేల మీద తూటా ఉంది, ఇంకేం, ఖాళీ అయిపోయిందని మనిషి నిశ్చింతగా ఉంటాడు. చొక్కా తొడుక్కున్నాక బనియను తొడుక్కునేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. ఈ వరస తప్పేవాణ్ణి చూసి నవ్వడానికి ఒక్కోసారి ఎవరూ మిగలరు.

ఆయన పనిలో చేరిన కొత్తలో పక్క కుర్చీలో ఇంకొకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడు, ఎవరేం చెప్పినా నమ్మేవాడు. ఎవరో ఆఫీసరు ఖాళీ అని ఇచ్చిన పిస్తోలుని తుడవడానికి గొట్టం దగ్గర ఎడమ చేత్తో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కాడు. ఆ ఎడమ చెయ్యి తర్వాత గ్లాసు పట్టుకోవడానికి కూడా పనికిరాలేదు. ఆఫీసరు వచ్చి "అయ్యో" అని వెళ్ళాడు. ఆ "అయ్యో" మన బాబాయ్ చెవిలో అలాగే ఉండిపోయింది. అంతకుముందు ఆయనకి కోపం లేదని కాదు. ఆ రోజుతో దానికి పని దొరికింది.

ఇంత గోల చేసే మనిషి పిస్తోలు విప్పుతుంటే చూడాలి. నోరు తిరుగుతూనే ఉండేది, చేతులు మాత్రం వేరే ఎవరివో. నల్ల రబ్బరు పట్టా మీద స్లయిడు, దాని పక్కన స్ప్రింగు, దాని పక్కన గొట్టం, ఎక్కడివక్కడ వరసగా పడుకునేవి. పాత బనియన్లు కోసిన ముక్కల్ని సన్నటి ఊచకి చుట్టి గొట్టంలో దూర్చి, ముక్క తెల్లగా బయటికి వచ్చేదాకా లాగేవాడు. ఇంట్లో మంచి బనియన్లు కూడా మాయమయ్యేవి. "ఒంటి మీద ఉన్నది వదిలిపెట్టారు, అదే పదివేలు" అనేది భార్య. మూలల్లో మసి తీయడానికి అరిగిన పళ్ళ బ్రష్షు. నూనె మాత్రం సూది మొనతో. బొట్టు కంటే ఎక్కువ వేస్తే ఊరుకునేవాడు కాదు. "బజ్జీలు వేయిస్తున్నావా?" అనేవాడు తోటివాళ్ళని.

అన్నిటికంటే ఆఖరున ఒక పని చేసేవాడు. పిడికి రెండు పక్కలా చెక్క పలకలుంటాయి, వాటిని మరలతో బిగిస్తారు. మర తల మీద స్క్రూడ్రైవర్ పట్టడానికి గీత ఉంటుంది కదా, ఆ గీతలన్నీ నిలువుగా నిలబడేలా ఆపేవాడు. ఒకటి నిలువుగా, ఒకటి ఏటవాలుగా ఉంటే ఆయనకి ఆ పూట అన్నం సయించదు. నియమాల పుస్తకంలో ఆ మాట లేదు, పైవాళ్ళెవరూ అడగలేదు. గీత కదిలితే మర వదులైనట్టని చూడగానే తెలుస్తుంది, అదొక లాభం. అసలు కారణం మాత్రం ఆయనకి అలా ఇష్టం, అంతే. తోటివాళ్ళకి నేర్పబోయాడు. వాళ్ళు తలలూపి, మర్నాటికి మర్చిపోయారు.

నేర్చుకున్నది ఒక్క కూతురే.

పోలీసు క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. ఆమె చిన్నప్పుడు ఆయన దగ్గర పేల్చడానికి పనికిరాని పాత పిస్తోలు ఒకటి ఉండేది. లోపలి సూది పీకేసి, శిక్షణకి వాడి వాడి పారేసినది. సెలవు రోజున పైవాళ్ళనడిగి ఇంటికి తెచ్చి, వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి, కూతుర్ని ఎత్తు పీట మీద కూర్చోబెట్టేవాడు. "ఆడపిల్లకి గిన్నెలు కాదు గానీ తుపాకులా?" అని తల్లి మొత్తుకునేది. తండ్రీ కూతుళ్ళకి వినబడేది కాదు. కొన్నాళ్ళకి ఆ పిల్ల కళ్ళకి గంతలు కట్టుకుని విప్పి బిగించేది. బిగించాక పలకల మీద వేలితో తడిమి, గీతలు నిలువుగా ఉన్నాయో లేదో చూసుకునేది. అది చూసి ఆయన ఛాతీ రెండింతలయ్యేది. "నా చేతుల కంటే దాని చేతులు మేలు" అని ఆయుధాల గదిలో చెప్పుకునేవాడు. ఆయన నోట మెచ్చుకోలు అక్కడెవరైనా వినడం అప్పుడే.

ఆ పిల్ల పెద్దదైంది, చదువుకుంది, పెళ్ళయింది. పెళ్ళికొడుకు పోలీసు ఆఫీసరు. నవ్వు ముఖం, మంచి మాటకారి. కొన్నాళ్ళకి ఆ అల్లుడు మామగారి స్టేషన్‌కే వచ్చి పడ్డాడు. ఇప్పుడొచ్చింది తంటా. ఇంట్లో అల్లుడు, స్టేషన్లో పై ఆఫీసరు. రెండు విధాలా "మీరు" అనాల్సిన మనిషి. అదృష్టం కొద్దీ అల్లుణ్ణి ఎవరో పెద్దమనిషికి అంగరక్షకుడిగా వేశారు. అలాంటివాళ్ళు పిస్తోలు ఇంట్లోనే ఉంచుకోవచ్చు, రోజూ వరసలో నిలబడక్కర్లేదు. తనిఖీ ఉన్నప్పుడు తెచ్చి చూపిస్తే చాలు. కిందటి తనిఖీకి అల్లుడి పిస్తోలు నేరుగా పెద్దాఫీసరు బల్ల మీదికే వెళ్ళింది. ఇంత శుభ్రంగా ఆయుధం ఉంచుకున్నవాణ్ణి చూడలేదని మెచ్చుకుని అందరి ముందూ కప్పు ఇచ్చారు. "మామగారి పోలిక" అన్నారెవరో. మామగారు మీసం మెలేశారు.

ఈసారి తనిఖీ ముందు అందరూ తమ ఆయుధాలు ఆయుధాల గదికే తెచ్చి ఇవ్వాలన్నారు. అల్లుడూ వచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. మామ కళ్ళెర్రజేసినా వాళ్ళు మళ్ళీ వరసలోకి రాలేదు.

"బాగున్నారా మామయ్యా?" అన్నాడు అల్లుడు. అంటూనే పిస్తోలు తీసి, ఠక్కున స్లయిడ్ లాగి, ఎగిరిన తూటాని గాలిలోనే పట్టుకున్నాడు. వెనకవాళ్ళెవరో ఈల వేశారు. తర్వాత మ్యాగజైన్ తీసి బల్ల మీద పెట్టి, "ఖాళీ" అన్నాడు నవ్వుతూ.

బాబాయ్ అరవాల్సిన మాటలన్నీ నోటి దాకా వచ్చి, అల్లుడి ముఖం చూసి ఆగిపోయాయి. పిస్తోలు అందుకుని, గొట్టాన్ని, పొరపాటున పేలినా తూటా అందులోనే దిగేలా మూలన పెట్టిన ఇసుక డ్రమ్ము వైపు తిప్పి, స్లయిడ్ లాగాడు. గూట్లోంచి ఇంకో తూటా ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ అల్లుడి చేతి దగ్గరికి వెళ్ళి ఆగింది.

"అరె, ఒకటి ఉండిపోయిందే" అన్నాడు అల్లుడు. చిల్లర తక్కువిచ్చినంత తేలిగ్గా అన్నాడు. "ఎప్పుడో ఒకసారి అవుతుంటుంది లెండి."

"ఎప్పుడో ఒకసారి చాలు, అల్లుడు గారూ" అన్నాడు బాబాయ్. ఆ "గారూ" పళ్ళ మధ్య నలిగి బయటికొచ్చింది.

ఇంకా ఏదో అందామని చూపు దించేసరికి చెక్క పలకలు కనబడ్డాయి. మరల గీతలు నిలువుగా ఉన్నాయి. ఈ పక్క రెండూ, ఆ పక్క రెండూ. ఆయన గబగబా పిస్తోలు విప్పాడు. గొట్టం అద్దంలా ఉంది. స్లయిడు లోపలి మూలల్లో మసి లేదు. నూనె సూది మొనంత మేరే ఉంది, ఉండాల్సినచోటే ఉంది. ఒక్క క్షణం ఆయనకి తను తుడిచిన పిస్తోలే ఎవరో తెచ్చి చేతిలో పెట్టినట్టనిపించింది.

"మరలు భలే ఆపారే" అన్నాడు నెమ్మదిగా.

"ఏ మరలు?" అన్నాడు అల్లుడు.

అంతే. ఆ చేతులు ఎవరివో తెలిసిపోయింది. ఇంట్లో ఈ మనిషి ఇదే ఒడుపుతో స్లయిడ్ లాగి, తూటా గాలిలో పట్టుకుని, మ్యాగజైన్ తీసి, ఖాళీ అని చెప్పి తన కూతురి చేతిలో పెడుతున్నాడు. గూట్లో తూటా ఉన్న పిస్తోలుని. ఎన్నేళ్ళుగానో. ఆ కప్పు కూడా కూతురి కష్టమే, ఈయన గారు అందుకుని షోకేసులో పెట్టుకున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది బాబాయ్‌కి. పక్క కుర్చీ ఆయన ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. ఆ చేతికి కూతురి గాజులు తొడిగి చూసింది మనసు, వద్దన్నా వినకుండా. ఆయన పిస్తోలు బిగించలేదు. భాగాలన్నీ పట్టా మీద అలాగే వదిలేసి, తాళంచెవి పక్కవాడి మీదికి విసిరి బయటపడ్డాడు. పని మధ్యలో వదిలి వెళ్ళడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

కూతురి ఇల్లు మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది. కోపంలో ఉన్న మనిషికి లిఫ్ట్ కోసం నిలబడే ఓపిక ఎక్కడిది? మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ తలుపు బాదాడు.

"ఏమైంది నాన్నా? అమ్మ బాగానే ఉందా?" అంది కూతురు తలుపు తీస్తూనే.

"అమ్మకేం, బ్రహ్మాండంగా ఉంది. నీకే తొందరగా ఉన్నట్టుంది, పైకి పోవడానికి!" అంటూ లోపలికి దూసుకెళ్ళాడు. "ఆ పిస్తోలు నువ్వు తుడుస్తున్నావా?"

ఆమె తండ్రి కూతురే. అరుపుకి అదిరే రకం కాదు. "తుడుస్తున్నాను. ఎలా తెలిసింది? గీతలు చూశావా?" అంది. అడుగుతుంటే ముఖంలో కొంచెం వెలుగు కూడా వచ్చింది. అది ఆయన చూసే స్థితిలో లేడు.

"మీ ఆయన దాన్నెలా ఖాళీ చేస్తున్నాడో ఎప్పుడైనా చూశావా? ముందు స్లయిడు! ఇవాళ నా కళ్ళెదుట బల్ల మీద పడింది తూటా!"

"తెలుసు."

"తెలుసా?"

"మొదటిసారి ఇచ్చినప్పుడే చూశాను. వేలు పెట్టి చూడకుండా పట్టుకుంటానా నేను? ఆయనిచ్చిన ప్రతిసారీ ఆ తూటా నేనే తీస్తాను. తీసి ఆయన అన్నం పళ్ళెం పక్కన పెడతాను. చూసి నవ్వుతారు. 'మీ నాన్న రక్తం' అంటారు."

"నవ్వుతాడా! నవ్వుతాడా వాడు!" అన్నాడు బాబాయ్. అల్లుణ్ణి "వాడు" అనడం అదే మొదటిసారి. "ఆ కప్పు చూడు, సిగ్గు లేకుండా షోకేసులో పెట్టుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నట్టు పిస్తోలు తుడిపించుకుంటాడా పెళ్ళాం చేత? అయిపోయింది. రేపే పెద్దాఫీసరు దగ్గరికి వెళ్తాను. ఆ పిస్తోలు ఇంక ఈ గడప తొక్కదు."

ఇప్పుడు కూతురు గొంతు పెరిగింది. "అది మాత్రం చెయ్యకు నాన్నా."

"ఎందుకూ? వాడేమైనా అంటాడని భయమా?"

"ఆయనంటే నాకేం భయం? ఆయనకి నేర్పు. నీ బల్ల దగ్గర నిలబెట్టి అందరికీ నేర్పినట్టే నేర్పు, తిట్టు, వేలు పెట్టించు, నేనడ్డం రాను. నేను చెబితే నవ్వుతారు, నువ్వు చెబితే నవ్వరు. కానీ పిస్తోలు ఇంటికి రానివ్వు."

"బుద్ధుందా? పోయేది నీ చెయ్యో, నీ ప్రాణమో!"

"నాన్నా, ఒక్క నిమిషం కూర్చో. నేను చెప్పేది..."

కూర్చునే మనిషైతే ఈ కథే ఉండేది కాదు. ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు. మొగుడి ఉద్యోగం చెడుతుందని వెనకేసుకొస్తోంది పిచ్చిపిల్ల, అనుకున్నాడు. ఆడపిల్లలు పెళ్ళయ్యాక ఇలాగే అయిపోతారు, అని కూడా అనుకున్నాడు. ఇలాంటివి అనుకోవడానికి మనిషికి క్షణం చాలు. దిగేటప్పుడూ మెట్ల మీదే దిగాడు, మెట్టు మెట్టుకీ అల్లుణ్ణి ఒక మాట తిడుతూ.

మర్నాడు పెద్దాఫీసరు గదిలోకి వెళ్ళి తలుపు తెరిచి ఉండగానే అంతా చెప్పాడు. గది బయట ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చెప్పాడు. అల్లుణ్ణి పిలిపించారు. అల్లుడు నీళ్ళు నమిలాడు. పిస్తోలు విప్పి మళ్ళీ బిగించమంటే స్ప్రింగు చేతిలోంచి జారి పెద్దాఫీసరు టీ కప్పులో పడింది. పెద్దాఫీసరు కప్పు వంక చూశాడు, అల్లుడి వంక చూశాడు. అంగరక్షకుడి పని పోయింది. ఆఫీసులో కుర్చీ పని వేశారు. పిస్తోలు ఆయుధాల గదిలో పెట్టి తాళం వేశారు. మెట్ల మీద కానిస్టేబుళ్ళు బాబాయ్‌కి దారి ఇచ్చి నిలబడ్డారు. అల్లుణ్ణి కూడా వదల్లేదంటే మనిషి మనిషేరా, అన్నారు. ఆ పూట ఆయన ఇంట్లో రెండు సార్లు పెరుగు వేయించుకుని తిన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఎవరి మీదా కోపం లేదు.

భార్య మాత్రం ముఖం ముడుచుకుంది. "అమ్మాయి ఫోన్ చేస్తే తీయట్లేదు" అంది.

"వాడు తీయనివ్వట్లేదేమో. ఏమైనా అని ఉంటాడు. అననీ, వెళ్ళి వాడి సంగతి చూస్తాను" అన్నాడు.

కొన్నాళ్ళు చూసి, ఒక మధ్యాహ్నం తనే వెళ్ళాడు. ఈసారి లిఫ్ట్‌లో వెళ్ళాడు. అల్లుడు ఏదైనా చేసి ఉంటాడని, చేసి ఉంటే ఏమనాలో మాటలన్నీ సిద్ధం చేసుకుని వెళ్ళాడు. అల్లుడు ఆఫీసులో ఉన్నాడు. కూతురు తలుపు తీసి, వెనక్కి వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది.

బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద మిక్సీ భాగాలు. మోటారు ఒక పక్క, రబ్బరు చక్రం ఒక పక్క, బ్లేడ్లు, మరలు, అన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. ఆమె చేతిలో పళ్ళ బ్రష్షు ఉంది.

"మిక్సీ పాడైందా?" అన్నాడు.

"లేదు."

"మరెందుకు విప్పావు?"

ఆమె బ్లేడు మూలలో ఏ మసీ లేకపోయినా తోముతోంది.

"అల్లుడు గారు ఏమైనా అన్నారా?" మళ్ళీ "గారు" వచ్చి చేరింది, బెరుకులో.

"ఏమీ అనలేదు. ఆయనకేం, హాయిగా ఉన్నారు. పొద్దుపోకముందే ఇంటికొస్తున్నారు, నడుముకి బరువు తగ్గిందంటున్నారు. నీతో మాట్లాడనని రెండ్రోజులు అలిగారు, అదీ మర్చిపోయారు."

"మరింకేం? ఇంట్లో ఆ భయం లేదు. నువ్వు చల్లగా ఉన్నావు..."

ఆమె బ్రష్షు కింద పెట్టింది. బల్ల మీద పడ్డ చప్పుడు చిన్నదే అయినా ఆయన మాట ఆగిపోయింది.

"ఆయుధాల గదిలో ఆడవాళ్ళని తీసుకుంటున్నారని తెలిసి, పరీక్ష రాస్తానని నీ దగ్గరికొచ్చాను గుర్తుందా? రాస్తే వచ్చేది నాకు. నాకంటే ముందు నీకు తెలుసు వస్తుందని. అప్పుడేమన్నావు? 'నూనె చేతులతో ఏ ఇంటికెళ్తావే' అన్నావు. నేర్పిన నోటితోనే అన్నావు. సరేనని వచ్చాను ఈ ఇంటికి. వారానికోసారి ఆ పిస్తోలు ఇలా బల్ల మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. వంట కాదు, ఉతుకుడు కాదు, ఎవరికోసమూ కాదు. అది ఒక్కటే నాకొచ్చిన పని నాన్నా. నా పని. కప్పు ఆయన తీసుకుంటే తీసుకోనీ అనుకున్నాను. ఎందుకంటే పని నా దగ్గరుంది కదా."

"నీ ప్రాణం..." అన్నాడాయన.

"నా ప్రాణం నేను కాపాడుకుంటూనే ఉన్నాను. నీకంటే బాగా. నువ్వు అరిచి చేసేది నేను అరవకుండా చేశాను." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. కోపం ఉంది, చెక్కు చెదరని కోపం. అద్దంలో రోజూ చూసుకునే కోపం కనక ఆయనకి వెంటనే తెలిసింది. "ఆయనకి నేర్పమన్నాను. ఆయనకి నేర్పడం నీకు కుదర్లేదు, నా దగ్గరున్నది తీసుకుపోవడం కుదిరింది. అప్పుడు వద్దన్నావు. ఇప్పుడు లాక్కెళ్ళావు. రెండుసార్లూ నా మంచికే."

ఆయన నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ ఆ నోరు తెరిస్తే ఏదో ఒకటి బయటికొచ్చేది, ఎవడో ఒకడు దొరికేవాడు. కానిస్టేబులో, ఆఫీసరో, అల్లుడో. ఈసారి తిట్టాల్సిన మనిషి ఎవరో స్పష్టంగా తెలుసు. ఆ మనిషిని అందరి ముందూ నిలబెట్టి అరవడం ఎలాగో ఆయనకి తెలియలేదు. సిగ్గేసింది. పచ్చిగా, చిన్నపిల్లాడికేసినట్టు సిగ్గేసింది.

"అమ్మడూ, నేను పైవాళ్ళతో మాట్లాడి..." అన్నాడు.

"వయసు దాటిపోయింది నాన్నా. పరీక్షకి." ఆమె మళ్ళీ బ్లేడు చేతిలోకి తీసుకుంది. "వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."

ఆమె తలెత్తలేదు. చేతులు మాత్రం, చూడకుండానే, ఏ భాగం తర్వాత ఏ భాగమో తీసి తుడుస్తున్నాయి. తన చేతుల కంటే మేలైన చేతులు. చప్పుడు కాకుండా తలుపు వేసి, లిఫ్ట్ ముందు నిలబడ్డాడు. లిఫ్ట్ వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది. ఆయన అక్కడే ఉన్నాడు.